మసాలా పొడులు ఇంట్లో చేసుకుంటే నిజంగా డబ్బులు మిగులుతాయా? మీ అనుభవం చెప్పండి

కూకట్‌పల్లి_కొత్తకాపురం:
అందరికీ నమస్తే అండి. మేమిద్దరమే ఉంటాం, రెంట్ ఇల్లు. నిన్న పోయిన నెల కిరాణా బిల్లులు ముందేసుకుని కూర్చుంటే సాంబారు పొడి, రసం పొడి, ధనియాల పొడి, గరం మసాలా, చికెన్ మసాలా, అల్లం వెల్లుల్లి పేస్టు వీటికే 610 రూపాయలు అయ్యాయి. ఇద్దరు మనుషులకి! మా అమ్మ ఏనాడూ పొడి ప్యాకెట్ కొన్నట్టు నాకు గుర్తు లేదు. ఇంట్లో చేసుకుంటే నిజంగా కలిసొస్తుందా, లేకపోతే దినుసులన్నీ కొని పురుగు పట్టాక పారేయడమేనా? నా దగ్గర మామూలు మిక్సీ తప్ప ఏం లేదు. కొలతలతో చెప్పండి ప్లీజ్.

తెనాలి_అత్తమ్మ:
కలిసొస్తుందమ్మా, కాకపోతే అన్నిటిలో కాదు. సాంబారు పొడి లెక్క చెప్తాను చూడు, మొన్న మా వీధి కొట్లో కొన్న రేట్లే ఇవి. ధనియాలు పావుకిలో 38, ఎండుమిర్చి 100 గ్రాములు 24, శనగపప్పు 50 గ్రాములు 5, మినప్పప్పు 25 గ్రాములు 3, జీలకర్ర 25 గ్రాములు 9, మిరియాలు 10 గ్రాములు 9, మెంతులు రెండు చెంచాలు ఒక రూపాయి అనుకో, ఇంగువ పసుపు కలిపి ఇంకో 5. మొత్తం 95 లోపే. కరివేపాకు పెరట్లోది. పొడి దగ్గర దగ్గర 450 గ్రాములు వచ్చింది. అదే 100 గ్రాముల ప్యాకెట్ 55 చొప్పున కొంటే 250 దాకా అవుతుంది కదా. పైగా మన పొడికి ఘాటు ఎక్కువ, రెండు చెంచాలు వేసేచోట ఒకటిన్నర చాలు, ఆ మిగులు ఎవరూ లెక్కెయ్యరు.
అన్నీ ఒకేసారి మూకుట్లో పోసి వేయించొద్దు. పప్పులు వేగే టైముకి జీలకర్ర మాడిపోతుంది. పప్పులు ముందు దోరగా, తర్వాత ధనియాలు, మిరపకాయలు విడిగా, జీలకర్ర మిరియాలు చివర్లో స్టవ్ ఆపేసి ఆ వేడి మీదే. కరివేపాకు కడిగి నీడలో బాగా ఆరాకే వెయ్యాలి, తడి ఉంటే పొడి మొత్తం పోతుంది.

బెంగళూరు_బ్యాచిలర్:
అత్తమ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను రెండు తప్పులు చేశాను, మీరు చెయ్యకండి. మొదటిది మెంతులు ఎర్రగా అయిపోయేదాకా వేయించాను, అరకిలో పొడి మొత్తం చేదు, ఏం వేసినా పోలేదు. మెంతులు కొంచెం రంగు మారి వాసన రాగానే దించెయ్యాలి. రెండోది మిక్సీ పట్టిన వెంటనే వేడి పొడిని డబ్బాలో పోసి మూత పెట్టేశా, లోపల ఆవిరి పట్టి పది రోజుల్లో బూజు. ఇప్పుడు పేపర్ మీద పరిచి గంట ఆరాకే గాజు సీసాలో వేస్తున్నా.
ఇంకో మాట, గరం మసాలా ఇద్దరికైతే కలిసిరాదు. యాలకులు, జాపత్రి, మరాఠీ మొగ్గ ఇలా చిన్న చిన్న ప్యాకెట్లు కొంటే మొదట్లోనే మూడు నాలుగు వందలు అయిపోతుంది, నెలకి మూడు సార్లు బిర్యానీ వండేవాళ్లకి సరిపోతుందేమో కానీ. డబ్బు మిగిలేది ధనియాలు, మిర్చి, పప్పులు ఎక్కువగా పడే పొడుల్లోనే.

కరీంనగర్_అక్క:
గరం మసాలా గురించి తమ్ముడు చెప్పింది నిజమే కానీ చెక్క, లవంగం, యాలకులు, షాజీర ఈ నాలుగు చాలు, మిగతావి లేకున్నా కూరకు ఏం తక్కువ గాదు. నేను అక్కచెల్లెళ్లతోని కలిసి తెస్త, వంద వంద గ్రాములు తెచ్చి ముగ్గురం పంచుకుంటం.
అసలు పైసలు మిగిలేది కారంల. ఎండకాలం కొత్త పంట వచ్చినప్పుడు మిరపకాయ తెచ్చి రెండు మూడు దినాలు మంచిగ ఎండబెట్టి తొడిమెలు తీసి గిర్నిల పట్టిస్తం, ఏడాది మొత్తం అదే. ఒక్కటే రకం తేవద్దు. తేజ సన్నగ ఉంటది మస్తు మంట, రంగు కోసం మా దిక్కు చపాటా కలుపుతం, లావుగ ఎర్రగ ఉంటది కారం తక్కువ, వరంగల్ చపాటాకు 2025ల జీఐ ట్యాగు (ఆ ప్రాంతం పంట అని ఇచ్చే గుర్తింపు) గూడ వచ్చింది. అది దొరకకుంటే బ్యాడిగి కలుపుకోండి, ముడతలు ముడతలుగ ఉంటది గదా అది. కారంల కొంచెం ఉప్పు కలిపి జాడీల గట్టిగ నొక్కి పైన ఇంగువ ముక్క పెడితే పురుగు రాదు. ఇద్దరే అంటున్నవ్ కాబట్టి కిలో చాలు చెల్లె, గిర్నిల కిలోకు పట్టరు అంటే పక్కింటోళ్లతోని కలిసి పో.
కొనే కారం మీద డౌట్ ఉంటే గ్లాసు నీళ్లల్ల ఒక చెంచా వేసి చూడు, ఇటుక పొడి, ఇసుక లాంటిది ఉంటే అడుగున గరుగ్గ తగుల్తది, రంగు కలిపితే నీళ్లల్ల గీతలు గీతలుగ దిగుతది.

డాలస్_వంటిల్లు:
ఇక్కడ మాకూ అదే లెక్క అండి. ధనియాలు జీలకర్ర ఇండియన్ స్టోర్‌లో పెద్ద ప్యాక్ తెచ్చి సగం ఫ్రీజర్‌లో పెడతాను, కావాల్సినప్పుడు గుప్పెడు వేయించి కాఫీ గ్రైండర్‌లో తిప్పుతాను. దినుసులు విడిగా ఉన్నంతకాలం వాసన పోదు, పొడి చేశాకే పోతుంది, అందుకే రెండు నెలలకి మించి చెయ్యను. నువ్వులు, కొబ్బరి పడిన పొడులైతే ఇంకా తక్కువ చేసుకోవాలి, నూనె దినుసులు కదా, త్వరగా కనరు వాసన వచ్చేస్తుంది.
అల్లం వెల్లుల్లి పేస్టు మాత్రం అస్సలు కొనకండి. సమానంగా తూకం వేసి, నీళ్లు పొయ్యకుండా కొంచెం ఉప్పు, పసుపు, నూనెతో రుబ్బి ఐస్ ట్రేలో పెట్టి గడ్డకట్టాక కవర్లో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచండి, కూరకి ఒక ముక్క.

తెనాలి_అత్తమ్మ:
ఒకటి మర్చిపోయాను, పుట్నాల కారం. కప్పు పుట్నాలు, ఎనిమిది ఎండుమిర్చి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఉప్పు. మిరపకాయలు వేయించుకుని అన్నీ కలిపి తిప్పడమే, వెల్లుల్లి ఆఖర్న వేసి ఒక్క తిప్పు. ఇడ్లీలోకి నెయ్యితో, వేపుళ్లలో దించేముందు రెండు చెంచాలు. అది ఉంటే వారంలో రెండు రోజులు చట్నీ పని కూడా తప్పుతుంది.

కూకట్‌పల్లి_కొత్తకాపురం:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆదివారం అత్తమ్మగారి సాంబారు పొడి సగం కొలతలో చేశాను, వేయించేటప్పుడు వాసనకి మా ఆయన హాల్లోంచి లేచి వచ్చారు, సరిగ్గా మా అమ్మ వంటింటి వాసన అండి, కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. పుట్నాల కారం కూడా చేశా, మూడు రోజుల్లో అయిపోయింది. ఒకటే ఇబ్బంది, సాంబారు పొడి కొంచెం బరకగా వచ్చింది, సాంబారు అడుగున రవ్వలా దిగుతోంది. మిక్సీ ఎక్కువసేపు తిప్పితే వేడెక్కిపోతోంది, ఏం చెయ్యాలి?

తెనాలి_అత్తమ్మ:
చిన్న జార్‌లో సగం కంటే ఎక్కువ నింపకు, ఆపి ఆపి తిప్పు. తర్వాత పిండి జల్లెడతో జల్లించి, పైన మిగిలిన రవ్వ మళ్లీ తిప్పు. అప్పటికీ ఓ గుప్పెడు మిగులుతుంది, అది పారెయ్యకు, వంకాయ కూరలోనో దొండకాయ వేపుడులోనో వెయ్యి.