మహిళా వక్తల మీద పది నిమిషాలు మాట్లాడాలి, ఎవరి గురించి చెప్పమంటారు?

కపిలతీర్థం_పిల్ల:
అక్కలకీ అన్నలకీ నమస్తే. నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. మార్చి 8కి కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు, అంశం 'ప్రపంచాన్ని కదిలించిన మహిళా వక్తలు'. ఊపులో పేరిచ్చేశాను, ఇప్పుడు టెన్షన్ మొదలైంది. పేరిచ్చిన వాళ్లలో సగంమంది మలాలా అంటున్నారు, మిగతా సగం మిషెల్ ఒబామా. మలాలా అంటే నాకూ ఇష్టమే, 2013 జూలై 12న, సరిగ్గా తన పదహారో పుట్టినరోజున ఐక్యరాజ్య సమితిలో మాట్లాడిన వీడియో చూసి ఏడ్చాను కూడా, కానీ ఒకరి తర్వాత ఒకరు లేచి ఆమె చెప్పిన అదే 'ఒక పుస్తకం, ఒక పెన్ను ప్రపంచాన్ని మార్చగలవు' మాట చెబితే జడ్జీలు నిద్రపోరా? మన పక్క వాళ్లలో ఎవరైనా ఉన్నారా చెప్పండి.

రెండోది, మైకు ముందుకి వెళ్లగానే నా గొంతు సన్నబడిపోతుంది, రైలు వెళ్లిపోతోందన్నట్టు గబగబా మాట్లాడేస్తాను. తెలుగైనా ఇంగ్లీషైనా మీ ఇష్టం అన్నారు కానీ ఇంగ్లీషైతేనే మార్కులని సీనియర్ల మాట. దయచేసి 'కాన్ఫిడెంట్‌గా ఉండు' అని మాత్రం చెప్పకండి, అది మా నాన్న పొద్దునా సాయంత్రం చెబుతూనే ఉన్నాడు.

టమోటా_మార్కెట్:
మన పక్క అంటే మా మదనపల్లెకి రామ్మా. అనీ బిసెంట్ గురించి చెప్పు. పుట్టింది లండన్‌లోనే, కానీ 1915లో మా ఊళ్లో మొదలైన బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో ఆ 'బీ' ఆవిడే, 1919లో టాగూర్ వచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. అప్పట్లో మాది చిత్తూరు జిల్లా, కాబట్టి నీకూ హక్కుంది.

ఆవిడ మాట్లాడటం ఎలా మొదలుపెట్టిందో తెలుసా? భర్త పల్లెటూరి చర్చిలో పాదిరీ. 1870ల మొదట్లో ఒకరోజు ఆర్గన్ సాధన చేసుకుందామని ఒంటరిగా చర్చికి వెళ్లింది. ఆ వేదిక ఎక్కి మాట్లాడితే ఎలా ఉంటుందో చూద్దామనిపించి, ఎవరూ రాకుండా తలుపు గడియ పెట్టుకుని, ఖాళీ బల్లలకి ఉపన్యాసం ఇచ్చింది. ఆ రోజుల్లో ఆడమనిషి ఆ వేదిక ఎక్కడమన్న మాటే లేదు. తన గొంతు ఆ చర్చంతా మోగడం విన్నప్పుడు కలిగిన సంతోషాన్ని ఆత్మకథలో రాసుకుంది. 1874లో జనం ముందు ఇచ్చిన మొదటి ఉపన్యాసం స్త్రీల రాజకీయ హోదా మీద. దానికి ముందు భయపడిందట, లేచి తన గొంతు తను వినగానే ఆ భయం పోయిందట. 1917కల్లా కాంగ్రెస్ అధ్యక్షురాలు, ఆ పదవిలో మొదటి మహిళ. నువ్వు కూడా కాలేజీ అయ్యాక ఖాళీ సెమినార్ హాల్లో తలుపేసుకో, వాచ్‌మన్‌కి ముందే చెప్పు.

చాక్‌పీసు_పొడి:
రిటైరైన లెక్చరర్ని. ఇలాంటి పోటీలకి జడ్జీగా చాలాసార్లు కూర్చున్నాను, విసుగు పుట్టించేది మలాలా కాదు, పుట్టిన తేదీ నుంచి అవార్డుల దాకా బయోడేటా చదివే పద్ధతి. ఆ మనిషి ఎవరి ముందు నిలబడింది, వాళ్లని ఏం అడిగింది, అడిగితే ఏం జరిగింది, ఈ మూడూ చెబితే నేను పెన్ను కింద పెట్టి వింటాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని తీసుకో. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకి పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీలు, బురఖాల్లో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన్ని చూడాలి, మాట వినాలి అని పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు పోగుచేస్తే కాసేపు పంపిస్తాం అన్నారు పెద్దలు. పోగుచేసింది. ఆ ఆడవాళ్ల సభయ్యాక, తర్వాతి సభలో గాంధీ హిందీ ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పే పని కూడా ఈ పిల్ల మీదే పడింది. అదే మనిషి తర్వాత రాజ్యాంగ సభలో లేచి సవరణలు ప్రతిపాదించింది, సభ నడిపే అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా ఆమే. పేరు అందరికీ తెలుసు, ఈ కాకినాడ సంగతి మీ క్లాసులో ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

గొంతు సంగతికొస్తే, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కి కూడా నీలాగే పల్చటి, పైస్థాయి గొంతు, కంగారులో అవసరం లేనిచోట నవ్వేది. వాళ్ల రాజకీయ సలహాదారు లూయీ హౌ అనే ఆయన సభల్లో వెనక కూర్చుని విని తప్పులు చెప్పేవాడు. ఆయన ఇచ్చిన సలహా తాత్పర్యం: చెప్పాల్సింది ఉంటేనే లే, చెప్పు, కూర్చో. బ్రిటన్ ప్రధానిగా చేసిన మార్గరెట్ థాచర్ అయితే గొంతు స్థాయి తగ్గించుకోవడానికి శిక్షణే తీసుకుంది. నాకు అది అంతగా నచ్చదు, మగగొంతులా ఉంటేనే వింటామనడం వినేవాళ్ల జబ్బు. నువ్వు స్థాయి తగ్గించకు, వేగం తగ్గించు. వాక్యం చివర ఊపిరి తీసుకో, మధ్యలో కాదు.

గాంధీరోడ్డు_బాబాయ్:
ఇంగ్లీషైతేనే మార్కులా? ఏందబ్బా ఈ పిచ్చి. సుష్మా స్వరాజ్ 1999లో బళ్లారిలో సోనియా గాంధీ మీద పోటీ చేసినప్పుడు, ఆ కొద్ది రోజుల్లోనే కన్నడం నేర్చుకుని సభల్లో మాట్లాడింది. హర్యానా మనిషి! ఐక్యరాజ్య సమితిలోనూ హిందీలోనే దంచింది. బళ్లారిలో ఓడిపోయింది, అదీ చెప్పు, దాచొద్దు. మంచిగా మాట్లాడినవాళ్లు గెలుస్తారనేం లేదు. టమోటా గారు చెప్పిన బిసెంట్ కూడా సహాయ నిరాకరణని వ్యతిరేకించాక అంత పెద్ద వక్తకీ జనం తగ్గిపోయారు.

పుత్తూరు_అక్క:
అందరూ చదువుకున్నోళ్ల గురించే చెబుతున్నారే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడి మూయించిన రోశమ్మ గురించి ఒక్కరూ అనలేదు. సాక్షరతా తరగతుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు వాళ్లు, ఆ పాఠాల్లోనే సారా మాట వచ్చింది. ఒక ఊరి మాట పక్క ఊరికి పాకి జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో మొత్తం మద్యనిషేధం. రెండేళ్లకే మద్యనిషేధం ఎత్తేశారనుకో, అది వేరే కత. స్టేజీ లేదు, పోడియం లేదు, మైకు లేదు. అది ఉపన్యాసం కాదంటారా జడ్జీలు?

మా డ్వాక్రా సంఘంలో మొదట్లో పేరు చెప్పమంటే కొంగు నోట్లో పెట్టుకున్నోళ్లు ఇప్పుడు బ్యాంకు మేనేజరుని నిలేస్తున్నారు. ఎవరూ వాళ్లకి నేర్పలేదు, లోను కావాల్సొచ్చింది, అంతే. నీకు ఆ స్టేజీ మీద నుంచి ఏం కావాలో ముందు అది చూసుకో. మీ హాస్టల్లో నీళ్లు రావా, రాత్రి బస్సు లేదా, ఏదో ఒకటి ఉంటుంది కదా.

కపిలతీర్థం_పిల్ల:
అందరికీ థాంక్స్. పుత్తూరు అక్కా, మీకెలా తెలిసిందో కానీ సాయంత్రం ఆరు తర్వాత లైబ్రరీ ఆడపిల్లలకి మూసేస్తారు, అబ్బాయిలకి తీసే ఉంటుంది. స్టేజీ మీద ప్రిన్సిపాల్ కూడా ఉంటారు. దుర్గాబాయితో మొదలుపెట్టి రోశమ్మ మీదుగా చివర్లో అది అడిగేయనా? తెలుగులోనే. బిసెంట్‌ని కూడా పెడదామని ఉంది.

చాక్‌పీసు_పొడి:
బిసెంట్‌ని వదిలేయ్, పది నిమిషాల్లో ముగ్గురు పట్టరు. లైబ్రరీ సంగతి అడుగు, అయితే 'దయచేసి పరిశీలించగలరు' అని నానబెట్టకుండా ఎన్నింటిదాకా తెరవాలో టైము చెప్పి అడుగు. మార్కులు పోవచ్చు, అది తెలిసే అడుగు.

టమోటా_మార్కెట్:
మా బిసెంట్‌ని తీసేశారా, సరే. హాలు మాత్రం తలుపేసుకుని వాడుకో.

పుత్తూరు_అక్క:
మైకు స్టాండు ఎప్పుడూ మగోళ్ల ఎత్తుకే పెట్టి ఉంటుంది, ముందే వెళ్లి దించమని మైకు అబ్బాయికి చెప్పు. వార్నింగ్ బెల్లు ఎన్నో నిమిషానికి కొడతారో కూడా కనుక్కో, ఆ లైబ్రరీ మాట బెల్లు కంటే ముందే వచ్చెయ్యాలి.