ఫ్రీమేసన్ లాడ్జి బయట పరిచయమైన వ్యక్తి నిజంగా మన సభ్యుడేనా, ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న:
ఫ్రీమేసన్లు అనే సోదర సంఘపు శాఖలో, అంటే లాడ్జిలో, నేను మూడో డిగ్రీ (పూర్తి సభ్యత్వం ఇచ్చే మెట్టు) తీసుకుని ఏడాది కూడా కాలేదు. మొన్న ప్రయాణంలో ఒకాయన నా ఉంగరం చూసి పలకరించారు. చెయ్యి కలపడం కూడా మన పద్ధతిలోనే కలిపారు. వారం తిరక్కుండా ఫోన్ చేసి అర్జెంటుగా డబ్బు కావాలి బ్రదర్ అంటున్నారు. కాదంటే, తోటి సభ్యులకు సాయపడతానని చేసిన ప్రమాణం తప్పినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యను?

జవాబు:
ముందు డబ్బు పంపకండి. చెయ్యి కలపడం, గుర్తులు, మాటలు ఇవేవీ ఆయనకు ఇప్పుడు సభ్యత్వం ఉందని చెప్పవు. శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన 1730లోనే లండన్‌లో ఇవన్నీ అచ్చువేసి బయటపెట్టేశాడు, పైగా ఎప్పుడో మానేసినవాళ్లకూ, తీసేసినవాళ్లకూ అవి గుర్తుంటాయి కదా. లాడ్జి పేరు, నంబరు, అది ఏ గ్రాండ్ లాడ్జి (లాడ్జిల మీద ఉండే పై సంస్థ) కిందిదో అడగండి. నిజమైన సభ్యుడు ఈ మాటకు నొచ్చుకోడు. ఆ వివరాలు మీ లాడ్జి సెక్రటరీకి ఇస్తే, ఆయన మీ గ్రాండ్ లాడ్జి ఆఫీసు ద్వారా అవతలి ఆఫీసును కనుక్కుంటారు. అంతేగానీ ఆయనే ఇచ్చిన ‘మా సెక్రటరీ నంబరు’కి ఫోన్ చేసి నమ్మేయకండి.

అడిగినవారు:
సర్టిఫికెట్ ఫొటో పంపారండి. అది చాలదా?

జవాబు:
చాలదు. ఆయనకు ఫలానా రోజున మూడో డిగ్రీ ఇచ్చారని మాత్రమే అది చెబుతుంది. తర్వాత చందా కట్టక పేరు తీసేసినా, రాజీనామా చేసినా ఆ కాగితం ఆయన దగ్గరే ఉంటుంది. ఈ ఏడాది చందా కార్డు ఉందేమో అడగండి, అయితే కొన్నిచోట్ల కార్డులు ఇవ్వరు కాబట్టి అది లేనంత మాత్రాన దొంగ అనుకోకూడదు. సర్టిఫికెట్ ఎదురుగా చేతిలో ఉంటే, మళ్లీ సంతకం పెట్టించి దాని మీద ఉన్న సంతకంతో పోల్చి చూడొచ్చు. ఫొటోతో ఆ పని కాదు.

ఇంకొకరి జవాబు:
ఎవరైనా ‘ఆయన నాకు తెలుసు’ అంటే, తెరిచిన లాడ్జిలో (పద్ధతి ప్రకారం మొదలుపెట్టిన సభలో) కలిసి కూర్చున్నారా అని అడగండి. బయటి పరిచయంతో, విన్న మాటతో హామీ ఇవ్వడం మన పద్ధతి కాదు. ఆయన లాడ్జి నిజమైనదే అయినా, దాని గ్రాండ్ లాడ్జిని మనది గుర్తించకపోతే మనం వాళ్లతో సభలో కూర్చోలేం, అదీ సెక్రటరీయే చూసి చెప్పాలి.

ప్రమాణం గురించి బెంగ పెట్టుకోకండి. మన శక్తికి మించి, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలిగేలా సాయం చెయ్యమని ఎవరూ అడగరు. అవసరం నిజమే అయితే లాడ్జిలో సాయం సంగతి చూసే ఆల్మనర్‌కి చెప్పండి. 19వ శతాబ్దం చివర్లోనే అమెరికాలో ఇలా బ్రదర్ అంటూ ఊరూరా తిరిగి డబ్బు అడిగే మోసగాళ్ల వివరాలు అచ్చువేసి లాడ్జిలకు పంచేవాళ్లు.

అడిగినవారు:
లాడ్జి నంబరు అడిగాను, తర్వాత చెబుతానన్నారు. ఈలోగా మా సెక్రటరీకి రాసేశాను. జవాబు వచ్చేదాకా పైసా కూడా పంపను.