పెద్దవాళ్లమయ్యామని చెప్పడానికి నొప్పి తప్పదా?

పాతబావి:
బ్రెజిల్ అమెజాన్ అడవుల్లో సతేరె-మావే అనే తెగ ఉంది. వాళ్లలో కుర్రాడు పెద్దవాడయ్యాడని ఒప్పుకోవాలంటే బుల్లెట్ చీమలున్న తొడుగులో చేతులు పెట్టాలి. ముందు చీమల్ని ఆకుల పసరులో మత్తెక్కించి, కొండెలు లోపలికి ఉండేలా తొడుగు అల్లికలో ఇరికిస్తారు. మత్తు దిగాక వాటి కోపం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 10 నిమిషాలు చేతులు బయటికి తియ్యకుండా ఆడాలి. అదీ ఒక్కసారి కాదు, నెలలూ ఏళ్లూ పట్టినా మొత్తం 20 సార్లు. కీటకాలు కుడితే పుట్టే నొప్పికి కొలబద్ద తయారుచేసిన జస్టిన్ ష్మిట్ ఈ చీమని పట్టికలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

దాని వీడియో కింద అందరూ "ఇదేం అనాగరికం" అని రాస్తున్నారు. నాకలా అనిపించలేదు. చాలా దేశాల్లో 18 నిండితే ఏం జరుగుతుంది? ఓటు వస్తుంది, లైసెన్సు వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు, దేన్నీ దాటి రానక్కర్లేదు. అందుకే 30 ఏళ్లొచ్చినా చాలామందికి తాము పెద్దవాళ్లమన్న నమ్మకం కుదరదు. సూటిగా చెప్తాను: ఏదో ఒకటి భరించకుండా పెద్దరికం రాదు. నొప్పి తీసేసిన ఆచారం ఫొటోలకి తప్ప ఎందుకూ పనికిరాదు. కాదనేవాళ్లు చెప్పండి.

ఎగస్పార్టీ:
నేను కాదంటాను, పేరుకు తగ్గట్టే. జపాన్ చూడండి. యుద్ధంలో ఓడి దేశం కుదేలైన 1946లో, సైతామా ప్రాంతంలోని వరాబి అనే ఊరు కుంగిపోయిన యువతకి ధైర్యం చెప్పడానికి ఒక పండగ పెట్టింది. అదే పెరిగి పెద్దదై 1949 నుంచి జాతీయ సెలవు అయింది. ఇప్పుడు జనవరి రెండో సోమవారం జరుపుతున్నారు. కత్తి లేదు, చీమ లేదు. ఊరి తరఫున పిలుపు వస్తుంది, 20 ఏళ్ల పిల్లలు కిమోనోలూ సూట్లూ వేసుకుని వెళ్తారు. అంతే.

అసలు విశేషం 2022లో జరిగింది. మేజరు వయసుని చట్టం 20 నుంచి 18కి దించింది. మరి వేడుక కూడా దిగాలి కదా? చాలా ఊళ్లు దించలేదు. 18 ఏళ్లవాళ్లకి జనవరి అంటే కాలేజీ ప్రవేశ పరీక్షల టెన్షన్. మందుకీ సిగరెట్‌కీ వయసు ఎలాగూ 20 దగ్గరే ఉంది. అందుకని వేడుక పేరుని "ఇరవయ్యేళ్ల కలయిక" అని మార్చి, పాత వయసుకే కానిస్తున్నారు. చట్టం మారినా చెక్కుచెదరని ఆచారాన్ని పట్టుకుని ఫొటోల కోసమే అంటే ఎలా?

పాతబావి:
జపాన్ నా వైపు సాక్షి అండీ. కిమోనో అద్దెకి చాలా ముందే బుకింగులు, మేయరు గారి ఉపన్యాసం, కింద కుర్చీల్లో కబుర్లు. కితాక్యూషూ నగరంలో అయితే కుర్రాళ్లు బంగారు రంగు బట్టల్లో, గోపురమంత జుట్టుతో వస్తారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. అందులో వాళ్లు దాటింది ఏమిటి, హాలు గుమ్మం తప్ప?

నిక్కచ్చి:
పాతబావి గారి మాటలో సగానికి ప్రయోగం కూడా తోడుంది. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు కాలేజీ అమ్మాయిలకి ఒక చర్చా బృందంలో చోటిస్తామన్నారు. చేరేముందు కొందరి చేత, ప్రయోగం నడిపే మగవాడి ఎదుట బూతు మాటలు పైకి చదివించారు. కొందరికి తేలిక పరీక్ష, కొందరికి అసలేమీ లేదు. తర్వాత అందరికీ ఒకే చర్చ వినిపించారు, కావాలనే పరమ బోరుగా తయారుచేసిన చర్చ. సిగ్గుతో చచ్చి చేరినవాళ్లు మిగతావాళ్లకన్నా ఆ చర్చని ఎక్కువ మెచ్చుకున్నారు.

మెలిక ఇక్కడే ఉంది. వాళ్లు పడ్డ బాధ ఆ బృందానికి కొత్తగా విలువేమీ తేలేదు. విలువ లేనిదాన్ని విలువైనదిగా చూపించింది. ర్యాగింగ్ చచ్చినా చావకపోవడానికి ఇదొక కారణం. "మేం పడలేదా, మీరూ పడండి" అనే సీనియర్‌కి తను పడ్డది వృథా అని ఒప్పుకోవడం కష్టం. నొప్పి పనిచేస్తుంది, కాదనను. మంచి గుంపుకి ఎలా పనిచేస్తుందో పనికిమాలిన గుంపుకీ అలాగే పనిచేస్తుంది.

పాతబావి:
అది గదిలో చేసిన ప్రయోగం. బయట చేసింది చూద్దాం. మారిషస్‌లో తైపూసం పండగప్పుడు దిమిత్రిస్ జైగలాటస్ బృందం చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఒంటికి శూలాలు గుచ్చుకుని కావడి మోసినవాళ్లు, ఊరికే కూర్చుని ప్రార్థన చేసినవాళ్లకంటే గుడికి ఎక్కువ విరాళం ఇచ్చారు. ఇది వయసొచ్చిన వేడుక కాదనుకోండి. అయినా నొప్పి మనిషిని తనవాళ్లకి దగ్గర చేస్తుందనేగా అర్థం.

నిక్కచ్చి:
మిగతా సగం కూడా చెప్పాలి మరి. శూలాలు గుచ్చుకోకుండా వాళ్ల పక్కన నడిచినవాళ్లు ఇచ్చిందీ తక్కువేం కాదు. అంటే కదిలించింది ఎవరి చర్మం చిల్లులు పడిందన్నది కాదు, అందరూ కలిసి ఒకదాంట్లో ఉండటం.

1909లో ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే మానవ శాస్త్రవేత్త ఇలాంటి ఆచారాల్లో మూడు అంకాలు చూశాడు. ముందు మనిషిని పాత జీవితం నుంచి విడదీస్తారు, తర్వాత ఇటూ అటూ కాకుండా గడప మీద నిలబెడతారు, చివరికి కొత్త హోదాతో లోపలికి తీసుకుంటారు. మీరు చెప్పే చీమలన్నీ రెండో అంకంలోవి. మూడోది కుర్రాడు చేసే పని కాదు, ఊరు చేసే పని. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్లు ఇవాళ్టి నుంచి వాడి మాట వినాలి. 18 నిండినా పెద్దరికం రాకపోవడానికి కారణం మన ఒంటి మీద మచ్చ లేకపోవడం కాదు, ఇంట్లో మన మాటకి విలువ మారకపోవడం.

స్టెతస్కోపు:
మీరంతా ఇంత లోతుగా మాట్లాడుకుంటుంటే అడ్డురావడం ఇష్టం లేదు. కానీ శవాల లెక్క ఒకటుంది.

దక్షిణాఫ్రికాలో ఖోసా కుర్రాళ్లకి ఉల్వాలూకో అనే దీక్ష ఉంటుంది. జూన్-జులైలోనూ డిసెంబరులోనూ ఊరికి దూరంగా గుడిసెల్లో కొన్ని వారాలు గడుపుతారు. మత్తుమందు లేకుండా సున్తీ చేస్తారు. నెల్సన్ మండేలాకి 1934లో, 16 ఏళ్ల వయసులో జరిగింది ఇదే. కోత పడగానే "నేను మగవాణ్ణి" అని అరవాలి, మూలగకూడదు. గాయం మానాక గుడిసెని లోపలి సామానుతో సహా తగలబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. చెప్పుకోడానికి గొప్పగానే ఉంటుంది.

ఈ దీక్షల్లో ఏటా పదుల సంఖ్యలో కుర్రాళ్లు చనిపోతున్నారు, ముఖ్యంగా ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో. కత్తి వల్ల అనుకుంటారు అందరూ. కత్తి ఒక్కటే కాదు. ఓర్పుకి పరీక్ష పేరుతో మొదటి రోజుల్లో నీళ్లు సరిగా తాగనివ్వరు. ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. కట్టు మరీ బిగిస్తే రక్తం అందక అవయవం కుళ్లిపోతుంది. చీముపట్టి ఆ విషం ఒళ్లంతా పాకుతుంది. ప్రాణం దక్కి అవయవం పోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అనుమతి లేని శిబిరాల్లో పరిస్థితి మరీ ఘోరం. పూర్వం అనుభవమున్న పెద్దవాళ్లు దగ్గరుండి చూసుకునేవారు. ఈ శిబిరాల్లో కాపలా తరచూ నిన్నగాక మొన్న దీక్ష ముగించిన కుర్రాళ్లదే.

2021లో చట్టం చేశారు. 16 నిండాలి, ముందు వైద్య పరీక్ష జరగాలి, శిబిరానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. చావులు ఆగలేదు. ఆసుపత్రిలో చేయించుకున్నవాణ్ణి తోటివాళ్లు మగాడి కింద జమకట్టరు, అందుకని జ్వరంతో కాలిపోతున్నా పిల్లవాడు అక్కణ్ణుంచి కదలడు. ఏదో ఒకటి భరించాలంటున్నారు కదా పాతబావి గారూ, అది భరించాక వాడు బతికుండాలి కదండీ.

పాతబావి:
డాక్టరు గారూ, మీరు చూపిస్తున్నది చెడిపోయిన ఆచారాన్ని. పెద్దవాళ్లు తప్పుకుంటే చెడిందని మీరే అన్నారు. బయటివాళ్లు వేలు పెట్టినా ఇంతే అవుతుంది. వనువాటులోని పెంటెకోస్ట్ దీవిలో మగవాళ్లు కాళ్లకి తీగలు కట్టుకుని 20, 30 మీటర్ల ఎత్తున్న చెక్క గోపురం మీంచి తలకిందులుగా దూకుతారు. కుర్రాళ్లకి అది మగతనానికి పరీక్ష. ఏప్రిల్ నుంచి జూన్ దాకానే దూకుతారు, తీగలో సాగుడు ఉండేది అప్పుడే. 1974 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాణి వస్తోందని వలస పాలకులు కాలం కాని కాలంలో దూకించారు. తీగ తెగి ఒకతను చనిపోయాడు. ఆచారాన్ని దాని మనుషులకి వదిలేస్తే అది తన జాగ్రత్త తను చూసుకుంటుంది.

ఎగస్పార్టీ:
ఆ గోపురం దగ్గర ప్రాణం కాపాడేది ఎవరు? ఏ తీగ ఏ బరువుకి ఆగుతుందో తెలిసిన మనిషి. మీరు భయాన్ని మెచ్చుకుంటున్నారు, నాకు వాడి పనితనం కనిపిస్తోంది.

వానకోయిల:
ఇంతసేపూ కుర్రాళ్లేనా? ఆడపిల్లలు పెద్దవాళ్లవ్వరా?

అమెరికా మూలవాసుల్లో నవాహో, అపాచీ అనే జాతులున్నాయి. నవాహోల్లో పెద్దమనిషి అయిన పిల్లకి నాలుగు రోజుల వేడుక చేస్తారు. రోజూ తూర్పు దిక్కుకి పరుగెత్తాలి. మొక్కజొన్న పిండి విసిరి, నేలలో తవ్విన గుంతలో రాత్రంతా కాలే పెద్ద రొట్టె చేసి అందరికీ పంచాలి. కష్టమే, కానీ రక్తం కారే కష్టం కాదు. అపాచీలు ఇంకో అడుగు ముందున్నారు. ఆ నాలుగు రోజులూ పిల్లలో దైవశక్తి ఉంటుందని నమ్మి, పెద్దవాళ్లే వచ్చి ఆమె దీవెన అందుకుంటారు. నిక్కచ్చి గారు చెప్పిన మూడో అంకం ఇంత నిండుగా ఇంకెక్కడా నేను చదవలేదు. ఇలాంటి వేడుకల్నే 1883లో అమెరికా ప్రభుత్వం నేరాల కింద కట్టింది. మెస్కలేరో అపాచీలు జులై 4న, దేశమంతా పండగ చేసుకునే రోజునే తమ వేడుక పెట్టుకుని దాన్ని దాటించారు.

ఇక రెండోది, రాయడానికి చెయ్యి రాదు గానీ రాయాలి. ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారం. యునిసెఫ్ 2024 లెక్క ప్రకారం అది జరిగి బతికున్న ఆడవాళ్లు 23 కోట్లకి పైనే. ఇది ఆగాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు. ఎలా ఆపాలన్నదే చర్చ. 1956లో కెన్యాలోని మేరు ప్రాంతంలో స్థానిక పెద్దల మండలి చేతే నిషేధం పెట్టించారు, వెనక బ్రిటిష్ పాలన ఉంది. ఏమైందో తెలుసా? ఆడపిల్లలు బ్లేడ్లు కొనుక్కుని తమని తామే, ఒకరినొకరు కోసుకున్నారు. జరిమానాలు పడినా మూడేళ్ల పాటు సాగింది. కోత లేకపోతే పెద్దదాన్ని కానని నమ్మిన పిల్లకి నిషేధం అంటే "నువ్వు ఎప్పటికీ చిన్నపిల్లవే" అన్న మాట.

40 ఏళ్ల తర్వాత, 1996లో, దగ్గర్లోనే ఉన్న తరకాలో "మాటలతో సున్తీ" అని మొదలుపెట్టారు. పిల్లల్ని ఒక వారం విడిగా ఉంచి ఒంటి గురించీ ఆరోగ్యం గురించీ ఊరి మర్యాదల గురించీ పెద్ద ఆడవాళ్లు నేర్పుతారు. చివర పాటలు, కానుకలు, ఊరంతా చూసే వేడుక. కత్తి తప్ప అన్నీ ఉన్నాయి. కెన్యా 2011లో గట్టి చట్టం తెచ్చింది, అది వేరు. కానీ చట్టం కత్తిని తీసేస్తుంది, ఖాళీ అయిన చోట ఏదో ఒకటి పెట్టేది ఊరే.

పాతబావి:
ఆడపిల్లల కోత విషయంలో మీతో నాకు పేచీ లేదు వానకోయిల గారూ. మగపిల్లల దగ్గర మాత్రం ఈ "మాటలతో" వ్యవహారం నడుస్తుందని నమ్మను.

నిక్కచ్చి:
నడిచిందండీ, అదీ యోధుల జాతిలో. ఖోసాల పొరుగువాళ్లు జులూలు. వాళ్లలోనూ సున్తీ దీక్ష ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో షాకా రాజు దాన్ని ఆపేయించాడు, కుర్రాళ్లు వారాల తరబడి మంచాన పడితే యుద్ధం ఎవరు చేస్తారని. దాని బదులు ఒకే ఈడు కుర్రాళ్లని కలిపి పటాలాలు కట్టాడు. 1879లో ఇసాండ్ల్వానా దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని చిత్తుగా ఓడించింది సున్తీ దీక్ష లేకుండా పెరిగిన ఈ మగాళ్లే. ఇంకా చిత్రం, 2009లో జ్వెలితిని రాజు సున్తీని మళ్లీ తెస్తున్నానన్నాడు, హెచ్ఐవీ వ్యాప్తిని తగ్గించడానికి, వైద్య సిబ్బంది చేతుల మీదుగా. ఆసుపత్రి పద్ధతిలో చేయించుకున్నవాడు మగాడు కాడని అక్కడ రాజు మాట కాదని ఎవరంటారు?

పాతబావి:
షాకా కత్తి తీసేశాడు గానీ భరించాల్సింది తీసెయ్యలేదుగా. ఆ పటాలాల్లోని కుర్రాళ్లు ఏళ్ల తరబడి రాజుకి కొలువు చెయ్యాలి. ఆయన అనుమతి ఇచ్చేదాకా పెళ్లి లేదు. నేను అడుగుతున్నదీ అదే. ఒంటి నొప్పి కాకపోతే కొలువు, కొలువు కాకపోతే మరోటి. ఏదీ లేకుండా ఊరికే పెద్దవాణ్ణి చెయ్యొద్దంటాను.

వానకోయిల:
ఆ పెళ్లి అనుమతి ఒక్క మగవాళ్లకే అనుకుంటున్నారా? ఆడపిల్లల్నీ ఈడు ప్రకారం జట్లు కట్టి, ఏ జట్టు ఏ పటాలం వాళ్లని చేసుకోవాలో రాజే చెప్పేవాడు. 1876 ప్రాంతంలో సెట్ష్వాయో రాజు ఇంగ్చూగ్చే అనే జట్టు పిల్లల్ని, వాళ్లకంటే బాగా పెద్దవాళ్లయిన పటాలాలకి ఇవ్వమన్నాడు. తమ ఈడువాళ్లని మనసులో పెట్టుకున్న కొందరు పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్లని చంపించాడు. కుర్రాళ్ల కొలువు మీకు కనిపించింది సరే, ఆ లెక్కలో ఈ పిల్లల్ని ఎక్కడ రాస్తారు?