పదికి ఎంత నొప్పి అంటే ఏం చెప్పాలండి?

చెరువుగట్టు:

అందరికీ నమస్కారమండి. ఉండికీ ఆకివీడుకీ మధ్యలో నాలుగెకరాల చేపల చెరువు లీజుకి చేస్తుంటాను. వయసు నలభై ఏడు. నేనడిగేది కాస్త తిక్క ప్రశ్నలా ఉంటుంది, ఏమనుకోకండి. మీ ఒంటికి ఇప్పటిదాకా వచ్చిన నొప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఏది? దానికి పదికి ఎన్ని మార్కులేస్తారు?

ఎందుకంటే చెప్తాను. మొన్న శ్రావణంలో ఓ బుధవారం రాత్రి పదకొండు దాటేక, ఎడమ డొక్కలో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు మొదలైంది. గ్యాసనుకుని వాము నమిలేను. పావుగంటకల్లా మంచం మీద లేను. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి, లేచి తిరిగితే నొప్పి. వీపులో పుట్టి గజ్జల్లోకి దిగుతోంది. రెండు వాంతులు. మా బావమరిది బండెక్కించుకుని భీమవరం తీసుకుపోయేడు. ఆ రోడ్డులో ఎక్కడెక్కడ గోతులున్నాయో వేసినవాడికంటే నాకే బాగా తెలుసిప్పుడు.

ఆస్పత్రిలో ఓ కుర్రాడు అట్ట పట్టుకొచ్చి "నొప్పి పదికి ఎంతండి?" అన్నాడు. బళ్లో నాకు లెక్కల్లో పదికి ఆరు దాటిన రోజు లేదు. పైగా పదంటే చావే కదా, ఇప్పుడే చెప్పేస్తే తరవాత ఇంకా పెరిగితే ఏం చెప్పాలి? మొహమాటపడి "ఆరండి" అన్నాను. రాసుకుని వెళ్లిపోయేడు. నా వెనకాల ఇంకో కుర్రాడొచ్చేడు. బండి మీంచి జారి మోచెయ్యి గీరుకున్నాడు, అంతే. వాణ్ణీ అదే అడిగితే "పదండి!" అని అరిచేడు. పది అని అర్థమైందో, పదమని అర్థమైందో గానీ వెంటనే లోపలికి పట్టుకుపోయేరు. నేను ముప్పావుగంట మంచినీళ్ల ఫిల్టరు పక్కన గచ్చు మీద దొర్లేను. ఆనక స్కానింగులో రాయి ఆరు మిల్లీమీటర్లని తేలింది. "సరిగ్గానే చెప్పేవు బావా" అని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు.

సరే, అసలు తగువు అది కాదు. అంతకు నాలుగేళ్ల ముందు నన్ను ఇంగిలాయి పొడిచింది. పట్టుబడి అయిపోయి, శీలావతీ బొచ్చే ఐసు వేసుకుని లారీ ఎక్కేసేయి. అడుగునీళ్లు ఇంజను పెట్టి తోడించి, బురదలో మిగిలినవి చేతుల్తో ఏరుతున్నాం. ఇంగిలాయి తెలియనివాళ్లకి చెప్తున్నాను, జానెడు పొడుగు, నలుపు, జారుడు, మీసాలుంటాయి. తలకి రెండు పక్కలా రెక్క మొదట్లో చెరో ముల్లు. బురదలో ఏదో చిన్న చేప అనుకుని గుప్పిట పట్టేను. బొటనవేలి కింద కండలో దిగింది. చూస్తే సూదిమొనంత చోటు, రక్తం కూడా చుక్కే. రెండు నిమిషాలు గడిచేసరికి చెయ్యి కాగే నూనెలో పెట్టినట్టయింది. మోచెయ్యి దాటి పైకి పాకి చంకలో బిళ్ల కట్టింది. ఒకడు సున్నం రాయమన్నాడు, రాసేను. ఇంకొకడు పసుపన్నాడు, అదీ అయింది. నేను గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడ్చేను. వలలాగే ముఠాలో ఓ పెద్దాయన ఉన్నాడు, పొద్దున్నించి నోరిప్పి మాట్లాడనివాడు. టీ గిన్నెలో నీళ్లు మరగబెట్టి, చన్నీళ్లు కలిపి, తన చెయ్యి పెట్టి చూసుకుని, నా చెయ్యి ముంచేడు. "కాలుతోందయ్యా" అన్నాను. "కాలనీ" అన్నాడు. అరగంట లోపల, లాకులెత్తితే కాలవ నీరు దిగినట్టు దిగిపోయింది.

ఇప్పుడు నాకు తేలనిది, రాయి పెద్దదా ముల్లు పెద్దదా అని. మా ఆవిడైతే "ఇద్దర్ని కన్నదాన్ని పక్కన పెట్టుకుని చేప గుచ్చిందని పంచాయితీ పెడతారేంటి" అంటోంది. చెప్పండి మరి.

లంక కుర్రోడు:

చీకట్లో మంచంకోడు చిటికెనవేలికి తగిలితే పదికి పదకొండు. రాయీ లేదు, ముల్లూ లేదు. తగిలిన తరవాత ఒక్క క్షణం ఏమీ తెలీదు చూడండి, "ఇప్పుడొస్తుంది" అని ఎదురుచూసే ఆ క్షణం, దానికి వేరే మార్కులెయ్యాలి.

రేకులమ్మ:

తమ్ముడూ, మీ ఆవిడ తరఫున మాట్లాడదామనే మొదలెట్టేను గానీ అబద్ధం ఎందుకు. నాకూ ఇద్దరు, ఇద్దరూ మామూలు కాన్పులే. అయినా నా లెక్కలో పెద్దపీట గోరుచుట్టుది.

మాది ఆత్రేయపురం. ముప్పై ఏళ్లుగా పూతరేకులు తీస్తున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. అంటే కుడిచేతి వేళ్లు పొద్దస్తమానం ఆ తడిలోనే. ఓ ఏడు సంక్రాంతి ముందు, ఆర్డర్లు నెత్తి మీద ఉండగా, చూపుడువేలి గోరు పక్కన ఎర్రబడింది. రెండోనాటికి వేలు లేతవంకాయలా నున్నగా మెరిసిపోతోంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటే వేలూ అన్నిసార్లు కొట్టుకునేది. చెయ్యి కిందకి దించితే ప్రాణం పోయేది. రాత్రిళ్లు పాత చీరముక్కతో చేతిని దోమతెర తాడుకి కట్టుకుని పడుకునేదాన్ని. మా అత్తగారు నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడిగేరు. చల్లగా ఉన్నంతసేపు హాయి, ఆ పైన నిమ్మకాయ బరువు కూడా నేనే మొయ్యాలి. మూడోనాడు మా చిన్నాడు వెనకనించి పరిగెత్తుకొచ్చి గభాల్న ఆ వేలే పట్టుకుని "అమ్మా గాలిపటం" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నవాడికి గోరుచుట్టు వచ్చే ఉంటుంది, ఊరికే పుట్టే మాట కాదది.

పురిటినొప్పి వచ్చి పోతుంది. మధ్యలో గుక్క తిప్పుకుంటాం, రెండు గుటకల నీళ్లు తాగుతాం, మొగుణ్ణి తిట్టుకుంటాం. చుట్టూ నలుగురుంటారు. గోరుచుట్టుకి సందే లేదు, ఎవరూ రారు కూడా. వచ్చినా "ఇంతోటి వేలికా" అంటారు. నేనైతే తొమ్మిదేస్తాను. మీ ఇంగిలాయికి ఒకటి వదిలేను.

చెరువుగట్టు:

అక్కా, నిమ్మకాయ పనిచేసిందా లేదా?

రేకులమ్మ:

చేస్తే కోయించుకుంటానా? డాక్టరుగారు మత్తుసూది వేసి చీము తీసేరు. ఆ రాత్రి చెయ్యి పక్కన పెట్టుకుని పడుకున్నాను, మామూలు మనిషిలా. పండక్కి రేకులు మాత్రం మా తోటికోడలు తీసింది, మందంగా.

పెద్ద సిస్టరు:

రాజోలు వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. బాబూ, నువ్వు ఆరు చెప్పడం పొరపాటే. అది పరీక్ష మార్కు కాదు, పక్కవాడితో పోటీ అంతకన్నా కాదు. నీకు సూది వెయ్యకముందు ఎంత, వేసిన అరగంటకి ఎంత అని నిన్ను నీతోనే పోల్చడానికి అడుగుతారు. ఎనిమిది మూడైతే మందు పట్టిందని, ఎనిమిది ఎనిమిదిలాగే ఉంటే ఇంకేదో చూడాలని. అంకె నోటికి రాకపోతే "కూర్చోలేకపోతున్నాను, మాట రావట్లేదు" అని చెప్పు, అర్థం చేసుకుంటారు. ఆ కుర్రాడు గచ్చు మీద దొర్లుతున్నవాణ్ణి చూసి కూడా కాగితం మీద ఆరునే నమ్మాడంటే, అది నీ తప్పుకంటే వాడి తప్పే.

రాయి గీసుకుంటూ దిగుతుంది కాబట్టి అంత నొప్పి అనుకుంటారు చాలామంది. ముఖ్యంగా నొప్పి పెట్టేది దారి మూసుకుపోవడం. కిడ్నీలోంచి మూత్రం దిగే గొట్టంలో రాయి అడ్డుపడితే వెనక మూత్రం నిలిచి, కిడ్నీ ఉబ్బి, గొట్టం దాన్ని తోసెయ్యాలని బిగుసుకుంటూ ఉంటుంది. అందుకే అలలు అలలుగా వస్తుంది, అందుకే ఏ పక్కకి తిరిగినా సుఖం ఉండదు. వార్డు గుమ్మంలోంచి చూస్తేనే మాకు సగం తెలిసేది. దొర్లుతున్నవాడికి రాయి అయి ఉండొచ్చు. కదిలితే చస్తానన్నట్టు బిగపట్టుకుని పడుకున్నవాడికి కడుపులో ఏదో చీము పట్టిందేమో చూడాలి. ఒక్క మాట గుర్తుపెట్టుకో, రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంగిలాయి సంగతి. ఆ పెద్దాయన ఏ పుస్తకం చదివాడో గానీ చేసింది నిఖార్సయిన వైద్యం. ఆ ముల్లు విషం మాంసకృత్తు, వేడికి చెడిపోతుంది. భరించగలిగినంత వేడి, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచాలి. టేకు చేప తోక ముల్లుకీ ఇదే. పొడిపించుకున్న చేతికి వేడి సరిగ్గా తెలియదు కాబట్టి రెండో చెయ్యో ఇంకొకరి చెయ్యో పెట్టి చూడాలి, లేకపోతే విషం పోయి బొబ్బ మిగులుతుంది. సున్నం, పసుపు వద్దు. ధనుర్వాతం సూది వేయించుకోవాలి. ముల్లు ముక్క లోపల విరిగిందేమో చూపించుకోవాలి. బురదలో గాయం, నాలుగు రోజులకి కూడా చీము పట్టొచ్చు.

ఇక అంకెల గొడవ. మా దగ్గరకొచ్చే ముసలమ్మలు పదికి ఎంతంటే తెల్లమొహం వేసేవారు. ఎలా ఉందే అంటే మాత్రం ఒక్క ముక్కలో చెప్పేవారు. పోటు అంటే చెవో పన్నో. సలుపు అంటే చీము పట్టే చోటు, రేకులమ్మ వేలు అదే. పీకులు అంటే పిక్కలు. మెలిపెడుతోందంటే పేగో రాయో. కలుక్కుమందంటే నడుము, జివ్వుమందంటే నరం. సగం రోగం ఆ మాటలోనే దొరికేది. ఇది నా చాదస్తం కాదు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో రొనాల్డ్ మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పి మాటలన్నీ పోగేసి, 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చి రోగి చేత ఏరించే పద్ధతి పెట్టాడు. అవన్నీ ఇంగ్లీషు మాటలు. మన సలుపుకి అందులో సరైన జోడీ ఉందంటే నేను నమ్మను.

దింపుకత్తి:

అంబాజీపేట దగ్గర కొబ్బరి దింపు తీసేవాణ్ణండి, ఇప్పుడు మానేసేను. అందరూ ఎంత అనే అంటున్నారు, ఎన్నాళ్లు అని ఎవరూ అడగట్లేదు.

2006లో చికున్‌గున్యా వచ్చింది కదా. మా వీధిలో ఒక్కిల్లు మిగల్లేదు. చికెన్ గున్యా అని కోడి మానేసినవాళ్లు కూడా ఉన్నారు, దోమతో వచ్చినదానికి కోడేం చేసింది పాపం. మూడ్రోజుల జ్వరం, అది ఏమంత కాదు. తరవాతుంది. అంతకు ముందు వారం రోజుకి ముప్పై చెట్లెక్కినవాణ్ణి, పొద్దున్న చెంబు ఎత్తలేకపోయేను. పళ్లు తోముకోడానికి వేళ్లు మడవడం రాదు. దొడ్డికెళ్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను, గోడకి మేకు కొట్టి తాడు కట్టించుకున్నాను. వీధిలో ఎవరు నడిచినా వంగే నడుస్తున్నారు, ముసలాళ్లూ కుర్రాళ్లూ ఒకటే. ఆ పేరుకి అర్థం కూడా అదేనట, టాంజానియా వైపు మకొండే అనే భాషలో వంగిపోవడమని మాట. వాళ్లకీ మా వీధే కనిపించిందేమో.

నంబరడిగితే నాలుగంటాను. కానీ ఏడు నెలలండి. నాలుగుని ఏడు నెలలతో హెచ్చవేసి చూడండి, మీ రాయి ఎక్కడుంటుందో. ఆ తరవాత చెట్టెక్కితే సగంలో మణికట్టు పట్టు వదిలేది. అలా రెండుసార్లు అయ్యేక కత్తి మా తమ్ముడికిచ్చేసేను. నాకంటే వాడే బాగా దింపుతాడు, అది వేరే సంగతి.

లంక కుర్రోడు:

నా మంచంకోడు వెనక్కి తీసుకుంటున్నానండి.

చెరువుగట్టు:

అందరికీ దండాలండి. దింపు తమ్ముడూ, నీ లెక్క ముందర నాది ఒక్క రాత్రి కూలి.

సిస్టరమ్మా, మీరు చెప్పినట్టు మాటల్లో ఆలోచిస్తే నాకు తేలిపోయింది. ముల్లుది మంట, రాయిది మెలి. మంటకి చెయ్యి ఒంటికి దూరంగా చాపి పట్టుకున్నాను, నాది కాదన్నట్టు. మెలికి ఎటు చాపాలో తెలియలేదు, అది నా లోపలే ఉంది మరి. కాబట్టి రాయే పెద్దది. ఈ మాట మా ఆవిడకి చెప్తే "పురుడు కూడా లోపలే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రాయి పదిహేను రోజులకి దానంతటదే పడిపోయింది. మాత్రల సీసాలో వేసి ఉంచేను, చూస్తే నువ్వుగింజకి అన్నలా ఉంది. దీనికా అన్నట్టు చూస్తారు చూపించినవాళ్లందరూ.

రేపు తెల్లారగట్ల నాలుక్కి పట్టుబడి ఉంది. ఆ పెద్దాయన ఈసారి రావట్లేదు, కూతురింటికి యానాం వెళ్లేడట. అందుకని ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పోయించుకున్నాను. ముఠావాళ్లందరికీ టీ అనుకుని మా ఆవిడ గ్లాసులు కూడా కట్టి ఇచ్చింది.