ఎర్రమట్టి దిబ్బల్లోకి సందర్శకులను దిగనివ్వాలా, అంచునే ఆపాలా?

కడప సభ్యుడు:
విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు మా కళాశాల విద్యార్థులను తీసుకువెళ్లాలనుకుంటున్నాము. వాననీరు కోసిన వంకల్లోకి దించకుండా అంచు నుంచే చూపించాలని సహాధ్యాపకులు కొందరు పట్టుబడుతున్నారు. నేను దీనికి ఒప్పుకోలేను. గండికోటలో పెన్న కోసిన లోయ అంచున నిలబడి, రాతిపొరలను చేత్తో తడిమి చూసిన పిల్లలకు భూగర్భశాస్త్రం మీద కలిగే మక్కువ పాఠ్యపుస్తకంతో కలగదు. జనాన్ని దూరంగా ఉంచిన చోటు మీద జనానికి మమకారం ఎలా పుడుతుంది?

అనంతపురం సభ్యురాలు:
మమకారం గురించి మీరన్నది నిజమే, కానీ గండికోటతో పోలిక ఇక్కడ చెల్లదండీ. అక్కడున్నది నూరు కోట్ల ఏళ్లకు పైబడిన గట్టి రాయి, ఇక్కడున్నది ఇసుక. గడచిన మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తుకొచ్చి పోయగా, రేణువులకు ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబారిన ఆ మేటలను వాననీరు కోసి వంకలు చేసింది. ఆ గోడల మీదికి ఎక్కితే అంచులు విరుగుతాయి, మరుసటి వానకు నీరు ఆ గాడినే పట్టుకొని మరింత లోతుగా కోస్తుంది. పైగా అక్కడ ఆదిమానవుల చిన్న రాతి పనిముట్లు దొరికాయి. పనిముట్టు ఏ పొరలో ఉన్నదో తెలిస్తేనే దాని కాలాన్ని అంచనా వేయగలం. గోడ కూలి పొరలు కలిసిపోయాక అది వట్టి రాతిముక్క. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కిన చోటు ఇది. పిల్లలు తాకి చూడాలంటే దగ్గరలోనే తొట్లకొండ ఉన్నది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, బౌద్ధ విహారాల పునాదులు, ఎదురుగా సముద్రం, అన్నీ ఒక్కచోటనే చూడవచ్చు.

కడప సభ్యుడు:
గోడలు ఎక్కనివ్వరాదన్న మాటకు ఒప్పుకుంటున్నాను. అయితే వంక అడుగున నడవడాన్ని కూడా మానుకోవాలనడం సబబు కాదు. నీరు పారి చదునైన ఆ దారిన నడిస్తేనే, ఇరువైపులా గోడలు తలకు మించి లేచి, ఇసుక ఎంత ఎత్తున పోగుపడిందో పిల్లలకు అర్థమవుతుంది.

అనంతపురం సభ్యురాలు:
పదిమంది చొప్పున, ఒక్కొక్క జట్టు వెంట ఒక అధ్యాపకుడు ఉండి, వాన వెలిసిన వెంటనే కాకుండా నేల ఆరాక దించేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. బస్సెడు మందిని ఒక్కసారిగా వదిలిపెడతామంటే మాత్రం అంచు నుంచే చూపించండి.