స్కూల్ సోషల్ వర్కర్‌కి పాప పేరు రాసివ్వాలా వద్దా?

చాక్‌పీస్:
ఏడో క్లాసుకి క్లాస్ టీచర్‌ని. ఒక పాప ఈ టర్మ్ మొదలైనప్పటి నుంచి వారానికి ఒకరోజు రావట్లేదు, వచ్చినా రెండో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల వాల్చేస్తుంది, అడిగితే "ఏం లేదు టీచర్" అంటుంది, అంతే. మా స్కూలుకి ఈమధ్యే సోషల్ వర్కర్ వచ్చారు. పేరు రాసివ్వమన్నారు కానీ చెయ్యి రావట్లేదు. వాళ్లమ్మ "నా పిల్ల మీద కంప్లయింట్ రాశారా" అని చదువే మాన్పించేస్తే? అయినా కౌన్సెలర్ ఉన్నారుగా, ఈవిడ కొత్తగా చేసేదేంటి?

గడపదాకా:
ఈ ఉద్యోగంలో పదకొండేళ్లుగా ఉన్నాను. కౌన్సెలర్ ఎక్కువగా పిల్లతో కూర్చుంటారు, మేం పిల్ల చుట్టూ ఉన్నవాళ్లతో కూడా కూర్చుంటాం. కొత్త పనేం కాదండీ, 1906-07లోనే న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్‌లలో 'విజిటింగ్ టీచర్లు' అని మొదలైంది, అంటే ఇంటికెళ్లే టీచర్లు.

ముందు రిజిస్టర్ తీసి ఎన్ని రోజులన్నది కాదు, ఏ రోజులన్నది చూడండి. అమెరికాలో బడి రోజుల్లో పది శాతం పోతే ప్రమాదం కింద లెక్కేస్తారు, 180 రోజులకి 18, అంటే నెలకి రెండే. మీ పాపది దానికి రెట్టింపు. నా దగ్గరికి ఒక బాబు కేసు వచ్చింది, బద్ధకం అని రాసి పంపారు. చూస్తే అన్నీ మంగళవారాలే! ఆ రోజు వాళ్లమ్మకి తెల్లవారుజామున డ్యూటీ, చెల్లిని చూసుకునే మనిషికి సెలవు, వీడు తొమ్మిదేళ్లకే ఆ పిల్లకి కాపలా. మంగళవారమే ఎందుకని ఎవరూ అడగలేదు. వాళ్లమ్మ యజమానితో మాట్లాడి డ్యూటీ మార్పించాం, అంతే. అన్నీ ఇంత తేలిగ్గా తేలవు, అది వేరే సంగతి.

ఇంకోటి, మొదటిసారి ఇంటికెళ్లేటప్పుడు ఫైలు పట్టుకెళ్లకూడదు. కొత్తలో నేను పట్టుకెళ్లాను, ఆ తండ్రి అరగంటసేపూ నా మొహం కాదు, ఆ ఫైలే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు పిల్లలు రాసిన నోటుబుక్కు పట్టుకెళ్తాను.

ఇద్దరుబాబులఅమ్మ:
మా ఇంటికీ అలా ఒకావిడ వచ్చారు మేడం. బయట చెప్పులు చూడగానే నాకు కాళ్లలో వణుకు, స్కూలు నుంచి ఎవరైనా వచ్చారంటే తిట్టడానికే అనుకునేదాన్ని. ఆవిడ కూర్చోగానే "మీవాడు లెక్కలు భలే చేస్తాడండీ" అన్నారు. మా ఆయన తాగుడు గురించి నోరు విప్పడానికి నాకు మూడుసార్లు పట్టింది, ఆవిడ తొందరపెట్టలేదు. నిజం చెప్పాలంటే మాటలకన్నా ఎక్కువ పనికొచ్చింది, పరుపు కింద రెండు నెలలుగా పడున్న ఫీజు రాయితీ ఫారం పక్కన కూర్చుని నింపడం.

మూడోబెంచి:
వినడానికి బాగుంటుంది. మా దగ్గర తొమ్మిది వందల మందికి ఒక్కరు. అమెరికా సోషల్ వర్కర్ల జాతీయ సంఘమేమో 250 మందికి ఒకరుండాలంటుంది. పేరిచ్చేసి చేతులు దులుపుకుంటే నెల గడిచినా కదలదు. ఇచ్చేటప్పుడు "తల్లిదండ్రుల నిర్లక్ష్యం" లాంటి తీర్పులొద్దు, చూసింది రాయండి, ఫలానా తేదీన రాలేదు, ఫలానా పీరియడ్‌లో నిద్రపోయింది అని. దానికన్నా ముందు వాళ్లమ్మకి మీరే ఫోన్ చేసి చెప్పండి, వేరేవాళ్ల నోట వింటేనే కంప్లయింట్‌లా ఉంటుంది.

గడపదాకా:
చెప్పడం మరిచా. పాపతో "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. ఎవరైనా కొడుతున్నారనో, ఇంకేదో చేస్తున్నారనో బయటపడితే చెప్పి తీరాలి, ఫోను కూడా అప్పుడు ముందు ఇంటికి కాదు. నేనైతే మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ సంగతి పిల్లలకి చెప్పేస్తాను.

చాక్‌పీస్:
రిజిస్టర్ చూశాను. తొమ్మిది ఆబ్సెంట్లలో ఏడు గురువారాలే. రోజూ హాజరు వేసేది నేనే, నా కంటికే ఆనలేదు. సోషల్ వర్కర్‌తో రేపు పొద్దున కూర్చుంటున్నాను, ఫోన్ ఎవరు చేయాలో ఆవిడతో మాట్లాడాకే.