కౌంటర్ వెనక కుర్చీ ఎందుకుండదు? బట్టల షాపు ఉద్యోగం, వివక్ష, ఆరోగ్యం

బెజవాడ బాబు
మొన్న శ్రావణ మాసం కొనుగోళ్లకి అమ్మనీ అక్కనీ తీసుకుని ఒక పెద్ద బట్టల షోరూంకి వెళ్లాను. రెండు గంటలు పట్టింది. మేం ముగ్గురం కుర్చీల్లో ఉన్నాం. చీరలు చూపించినావిడకి నలభై అయిదేళ్లుంటాయి. ముప్పై చీరలైనా విప్పి ఉంటుంది, అన్నీ నిలబడే. మధ్యలో ఓసారి చెప్పులోంచి పాదం తీసి రెండో కాలి పిక్కకి రాసుకుంటోంది. ఫ్లోర్ ఇన్‌చార్జి ఇటు తిరగ్గానే గబుక్కున చెప్పు తొడిగేసింది. "కాసేపు కూర్చోమ్మా" అని అమ్మ అంటే, నవ్వి, పైనున్న కెమెరా వైపు కళ్లతో చూపించింది.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టం సవరించి సిబ్బందికి కూర్చునే వీలు ఇవ్వాల్సిందేనని రాశాయి. నేను అడిగేది ఒకటే. కుర్చీ ఇవ్వకపోవడం వివక్షేనా, లేక ఆ ఉద్యోగమే అంతా? మా అక్క మాత్రం "అది పనిలో ఉండే కష్టం, దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టకు" అంటోంది.

రాజమండ్రి షాపాయన
మీ అక్కగారి మాటే నాదీను. మాది బట్టల షాపే, పద్నాలుగు మంది పనిచేస్తారు. ఆడవాళ్లు నిలబడతారు, మగవాళ్లూ నిలబడతారు. ఇంక వివక్ష ఎక్కడుంది? టీచరు నిలబడట్లేదా, మంగలి నిలబడట్లేదా, హోటల్లో సప్లయరు? కౌంటర్‌కీ రాక్‌కీ మధ్య మాకున్న జాగా రెండున్నర అడుగులు. స్టూలు వేస్తే ఒకరు దాటాలంటే ఇంకొకరు లేవాలి. పైగా గుమ్మంలోకి వచ్చిన పార్టీకి అమ్మాయి కూర్చుని కనబడితే 'ఇక్కడ పట్టించుకునేవాళ్లు లేరు' అనుకుని పక్క షాపుకి పోతారు. ఇది నా ఊహ కాదు, గల్లాపెట్టె చెప్పే మాట.

మడత చీర
నేను ఏడేళ్లు చేశానండి. ఊరూ షాపూ పేరు చెప్పను. పొద్దున తొమ్మిదిన్నరకి ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నర. అన్నానికి అరగంట. రాక్‌కి ఆనుకుంటే యాభై కోత. కెమెరాలో చూసి ఇంటర్‌కమ్‌లో పేరు పెట్టి పిలిచేవాళ్లు, కస్టమర్ల ముందే.

మేం కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. "ఇంకో రంగు ఉందేమో చూసొస్తా" అని స్టాక్ రూంకి వెళ్లడం. అక్కడ ఒక అట్టపెట్టె బోర్లించి ఉండేది. దాని మీద రెండు నిమిషాలు. మాలో మేం వంతులు వేసుకునేవాళ్లం. రంగు ఉందని ముందే తెలిసినా వెళ్లేవాళ్లం. ఇప్పుడు షాపుకి వెళ్తే "చూసొస్తా" అన్న పిల్ల ఆలస్యం చేస్తే నేనేమీ అనను.

బాత్రూం మూడో అంతస్తులో, అడిగి వెళ్లాలి. అడగడం చిన్నతనంగా ఉండి నీళ్లు తాగడం మానేశాం. మూత్రంలో మంట, చలిజ్వరం, నా లైనులో నలుగురికి వచ్చాయి. నాకు ఎడమ పిక్కలో నరాలు వానపాముల్లా తేలాయి. షాపాయన గారూ, కాళ్ల సంగతి అటుంచండి. మానేసిన ఏడాది తర్వాత కూడా ఇంట్లో తలుపు చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. మా ఆయన తలుపు తీసినా సరే.

కాలి వైద్యం
నేను ఫిజియోథెరపిస్టుని. షాపాయన గారు చెప్పిన మంగలికీ ఈవిడకీ తేడా ఉంది. మంగలి కుర్చీ చుట్టూ తిరుగుతాడు, టీచరు బోర్డు దగ్గర్నుంచి బల్లల దాకా నడుస్తారు. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లో ఉండే కవాటాలు అది వెనక్కి జారకుండా ఆపుతాయి. ఒకేచోట నిలబడిపోతే ఆ పంపు ఆగినట్టే. రక్తం కిందే నిలిచి, సిర గోడలు సాగి, కవాటాలు సరిగా మూసుకోవు. ఆవిడ చెప్పిన వానపాములు అవే, వెరికోస్ వెయిన్స్ అంటారు. డెన్మార్క్‌లో ఉద్యోగుల్ని 12 ఏళ్లు గమనించారు. పనివేళలో కనీసం ముప్పాతిక వంతు కాళ్ల మీదే ఉండేవాళ్లు ఈ జబ్బుతో ఆసుపత్రి పాలవడం మిగతావాళ్ల కన్నా బాగా ఎక్కువ. అలాగని రోజంతా కూర్చోబెట్టమని కాదు. గంటకోసారి అయిదు నిమిషాలు కూర్చున్నా చాలా తేడా ఉంటుంది.

లా పాయింట్
జబ్బు సంగతి ఎవరూ కాదనట్లేదు. నా పేచీ మాట మీదే. పని పరిస్థితులు బాగోకపోవడం ఒకటి, వివక్ష ఇంకొకటి. వివక్ష అనాలంటే ఒకే చోట ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వకపోవాలి. అందరికీ కుర్చీ లేకపోతే అది మొరటుతనం అనండి, దోపిడీ అనండి. ప్రతిదాన్నీ వివక్ష అంటే అసలు వివక్ష జరిగినప్పుడు వాడుకోడానికి మాట మిగలదు.

చట్టంలో మాత్రం ఒక వింత ఉంది, ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే, 44వ సెక్షన్లో, నిలబడి పనిచేసేవాళ్లకి వీలు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటు ఉండాలని రాశారు. అంటే మిల్లులో బట్ట నేసేవాళ్లకి కూర్చునే హక్కు రాసిపెట్టారు. ఆ బట్టనే షాపులో అమ్మే అమ్మాయి కోసం కేరళవాళ్లు 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండులో అయితే ముగ్గురు అమ్మాయిలకి ఒక సీటు చొప్పున దుకాణాల్లో వేయాలని 1899లోనే చట్టం చేశారు.

ఓరుగల్లు పోరడు
లా పాయింట్ అన్నా, అందరికి లేదంటున్నవ్, జర ఆగు. మా తాన ఒక మాల్ల ఆర్నెల్లు బిల్లింగ్ సెక్షన్ల చేసిన. నాకు కుర్చీ ఉండె. నా ఎన్కనే ప్యాకింగ్ చేసే అక్కకు లేదు. ఇద్దరిదీ గదే జాగ, గదే ఏసీ. క్యాష్ల కూసునేటోళ్లు సగం మంది ఓనర్ చుట్టాలు, ఓనర్ కులపోళ్లు. గేటు కాడ సెక్యూరిటీ తాతకు సుత లేదు. కుర్చీ ఎవ్వలికి ఏసిన్రో సూస్తే ఆ షాపుల ఎవడు ఎవడికి ఏమైతడో మొత్తం తెలుస్తది. ఇగ 2025 జులైల వ్యాపార సంస్థలల్ల, షాపులు తప్ప, రోజుకు 10 గంటల దాక పని జేయించుకోవచ్చని తెలంగాణ సర్కారు జీవో ఇచ్చింది. వారానికి 48 దాటొద్దన్నరు గని, దాటితే లెక్క పెట్టేదెవ్వలు?

పాత గుమాస్తా
నా వయసు 71. తెనాలిలో బట్టల కొట్టులో గుమాస్తాగా చేరింది పదహారో ఏట. అప్పుడు కొట్టంటే తెల్ల దుప్పటి పరిచిన పరుపు. షావుకారు గల్లాపెట్టె ముందు, మేం ముగ్గురం గుమాస్తాలం పరుపు మీద, బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లం. కొనేవాళ్లూ ఎదురుగా కూర్చునేవాళ్లు. తాను విప్పి గజంబద్దతో కొలిచేవాళ్లం, కూర్చునే. పై అర నుంచి తీయాలంటేనే లేవడం. ఇన్నేళ్లలో 'గుమాస్తా కూర్చున్నాడు, మర్యాద లేదు' అని బేరం పోగొట్టుకున్నది నేను చూళ్లేదు.

తర్వాత మా కొట్టు షోరూం అయింది. పరుపులు తీసేసి గాజు కౌంటర్లు పెట్టారు. ఆ ఏడే మొదటిసారి ఆడపిల్లల్ని తీసుకున్నారు, జీతం మా కన్నా తక్కువని. నాకు క్యాష్ దగ్గర కుర్చీ వేశారు, పాతవాణ్ణని. ఆ పిల్లల్ని నిలబెట్టారు. నేనూ ఏమీ అనలేదు. ఇది వివక్షో కాదో లాయరు గారు చెప్పాలి.

లా పాయింట్
పెద్దాయన చెప్పినట్టయితే అది వివక్షే. ఇందాకటి నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

రాజమండ్రి షాపాయన
పరుపుల రోజులు వేరండీ. అప్పుడు రోజుకి పాతిక బేరాలు, ఇప్పుడు ఆదివారం పూట ఊపిరాడదు. ఇంకొకటి, చేదుగా ఉన్నా చెప్తాను. ఆడవాళ్ల కోసమని చట్టాలు పెంచుకుంటూ పోతే షాపులవాళ్లు మగపిల్లల్నే పెట్టుకుంటారు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశాక మా వీధిలోనే కొత్తగా పెళ్లయినవాళ్లని తీసుకోవడం తగ్గించారు. తప్పే. కానీ జరుగుతోంది.

మడత చీర
తప్పేనని మీరే అన్నారు, సంతోషం. మాతో చేసిన పిల్లకి అయిదో నెల. దసరా సీజను. నిలబడలేకపోతున్నా, కాస్త ప్యాకింగ్‌లో వేయండి అని అడిగింది. "కష్టమైతే మానెయ్యమ్మా" అన్నారు, చాలా మెత్తగా. మానేసింది. దాన్ని తీసేశారని ఏ కాగితంలోనూ ఉండదు.

లా పాయింట్
1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో దీని గురించే ఒక ముక్క రాశారు. కాన్పుకి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల. ఆ నెలలో ఎక్కువసేపు నిలబడే పని చేయించకూడదు. అదీ ఆవిడ అడిగితేనే. అయిదో నెలకి ఆ రక్షణ అందదు. అందినా అడిగితే ఏమవుతుందో పైన చూశాం.

కొచ్చిలో తెలుగోడు
ఇక్కడ షాపుల్లో స్టూళ్లు చూస్తున్నాను. రద్దీలో కూర్చోరు, ఖాళీ దొరికితే కూర్చుంటారు. వాళ్లు కూర్చున్నారని నేనైతే ఎప్పుడూ పక్క షాపుకి పోలేదు, మా ఆవిడ అసలే పోలేదు. ఈ చట్టం ఊరికే రాలేదు. కోళికోడ్‌లో విజి అనే టైలరమ్మ మిఠాయి తెరువు అనే బజారు షాపుల ఆడవాళ్లని పోగుచేసి ముందు మూత్రశాల కోసం కొట్లాడింది, కుర్చీ తర్వాత. మడత చీర గారు చెప్పిన మంట, చలిజ్వరమే అక్కడా మొదటి ఫిర్యాదు. 2014 చివర్లో త్రిశూర్‌లో ఒక బట్టల షాపు ఆడవాళ్లు వంద రోజులకి పైగా ధర్నా చేశారు. మలయాళంలో దాన్ని 'ఇరిక్కల్ సమరం', అంటే కూర్చునే పోరాటం అంటారు. ఇక్కడి చట్టంలో కుర్చీ మగవాళ్లకీ వర్తిస్తుంది కాబట్టి 'మగపిల్లల్నే పెట్టుకుంటాం' అనే వాదన దీనికి నిలవదు.

ఓరుగల్లు పోరడు
షాపాయనా, ఏమనుకోకు, ఒక్కటే అడుగుత. మీ కొట్ల క్యాష్ కాడ ఎవ్వలు కూసుంటరు?

రాజమండ్రి షాపాయన
మా బావమరిది.

సరే, నవ్వుకోండి. రాత్రి షాపు మూశాక టేపు పెట్టి కొలిచాను. మడిచేసే స్టూలయితే కౌంటర్ కింద పడుతుంది. రెండు తెప్పించి చూస్తాను, సీజను అయ్యాక.

మడత చీర
సీజన్లోనే కదండీ కాళ్లు పోయేది. దసరాకి ముందే వేయండి. రెండు కాదు, నాలుగు.